ఆన్ సలివన్

అమెరికా సంయుక్త రాష్ట్రములకు ఈశాన్యభాగమున మాసచుసెట్స్ అను రాష్ట్రము కలదు. అందలి ఫీడింగ్ హిల్స్ అను చిన్న పల్లెలో 1866 ఏప్రిల్ 14 వ తేదీన ఆన్ సలివన్ జన్మించెను. ఆమె తల్లిదండ్రులు పొట్ట చేతబట్టుకొని ఐర్లండు దేశమునుండి వలసవచ్చినవారు. తండ్రి కూలిపని చేసి జీవించువాడు. అతనికి చదువు లేదు, త్రాగుడు మాత్రము కలదు. తల్లి క్షయరోగముతో బాధపడుచుండెను. ఆన్‌కు ఐదేండ్ల ప్రాయమున ట్రకోమా అను కండ్లజబ్బు వచ్చెను. ఈ జబ్బు సోకినవారికి ఱెప్పల లోపల గరుకుదనమేర్పడి, అది నల్లగ్రుడ్డును ఒరసి ఒరసి చూపును క్రమక్రమముగా హరించును. నేడు మందులతో నయము చేయదగిన యీ వ్యాధికి ఆ దినములలో సరియైన చికిత్స లేదు. ఉన్న కొద్దిపాటి చికిత్సయైనను పేదవారికి అందుబాటులో లేదు.

ఆన్‌కు ఎనిమిదేండ్లు వచ్చునప్పటికి తల్లి మరణించెను. తండ్రి పిల్లలను పోషింపజాలక బంధువుల యిండ్లలో విడిచెను. కొంతకాలమునకు ఆ బంధువులును తాము భరింపజాలమనిరి. తుదకు 1876 ఫిబ్రవరిలో ఆన్‌ను, ఆమె తమ్ముడైన జిమ్మీని ట్యూక్స్‌బరీయందలి బీదల శరణాలయమునకు పంపివేసిరి. అప్పటికి ఆమెకు పదియేండ్లు నిండలేదు. తమ్ముడు తుంటియెముకకు క్షయ సోకి కుంటుచు నడచు పసివాడు. అది పేరునకు శరణాలయమేగాని, అందు శరణు స్వల్పము. రోగులు, వృద్ధులు, మతి చలించినవారు, దిక్కులేని స్త్రీలు అందఱును ఒక్కచోటనే పడియుండిరి. ఎలుకలు యథేచ్ఛముగా తిరుగుచుండెడివి. ఇంతటి దైన్యములోను ఆన్‌కు తమ్ముడు తోడుండెను. ఆ తోడును కొన్ని నెలలకే తీరిపోయెను. జిమ్మీ ఆ శరణాలయములోనే కన్నుమూసెను. ఈ దుఃఖమును ఆమె తన అంతరంగమున దాచుకొని, దాదాపు అర్ధశతాబ్దము వఱకు ఎవరికిని విప్పి చెప్పికొనలేదు.

అచ్చట ఆమె నాలుగేండ్లకు పైగా గడపెను. చదువు లేదు, చూపు నానాటికి క్షీణించుచుండెను. అంధులకు ప్రత్యేకముగా పాఠశాలలు కలవని తోడి నిర్భాగ్యులలో నెవరో చెప్పగా, ఆ మాట ఆమె మనస్సున నాటుకొనెను. 1880 లో ఫ్రాంక్ శాన్‌బర్న్ అను ధర్మసంస్థల పర్యవేక్షకుడు కొందఱు పెద్దలతో గూడ శరణాలయమును తనిఖీ చేయవచ్చెను. ఆన్ వారి వెంబడి ఒక గదినుండి మఱియొక గదికి తిరిగెను. వారిలో ఎవరు ఎవరో ఆమెకు కానరాదు. వారు వెడలిపోవు సమయమున ఆమె యొక్క పెట్టున ముందునకు దూకి, తనకు బడికి పోవలెనని యున్నదని బిగ్గఱగా మొఱపెట్టుకొనెను. ఆ సాహసము ఫలించెను. ఆ సంవత్సరము అక్టోబరు 7 వ తేదీన ఆమె బోస్టన్ నగరమునందలి పెర్కిన్స్ అంధుల పాఠశాలలో ప్రవేశించెను.

పదునాలుగేండ్ల యా బాలికకు అప్పటికి తన పేరు వ్రాయుటయైనను రాదు. తక్కిన విద్యార్థినులలో పలువురు కలిగినయిండ్లనుండి వచ్చినవారు. వారు ఈమె మోటుమాటలను విని నవ్విరి. ఆమెయు ఊరకుండు స్వభావము కలది కాదు. ఉపాధ్యాయులతో వాదించి, నియమములను మీఱి, పాఠశాలనుండి వెడలగొట్టబడు స్థితికి వచ్చెను. అయినను ఆమె తెలివిని గుర్తించిన కొందఱు ఓర్పుతో ఆమెను దిద్దిరి. 1881 లోను, 1882 లోను జరిగిన శస్త్రచికిత్సల వలన ఆమెకు కొంత చూపు వచ్చెను. అచ్చుపుస్తకములు చదువుకొనుటకు అది చాలెను; కాని ఆ కండ్లు ఎన్నడును పూర్తిగా బాగుపడలేదు. 1886 లో ఇరువదియేండ్ల ప్రాయమున తరగతిలో ప్రథమురాలై ఆమె విద్య ముగించెను. ముగించిన పిదప పోవుటకు ఇల్లు లేదు. చేయుటకు పని లేదు.

ఆ పాఠశాలలోనే లారా బ్రిడ్జ్‌మన్ అను స్త్రీ నివసించుచుండెను. ఆన్ జీవితమునకు దారి చూపినది ఈమెయే కావున, ఈమె కథను కొంత తెలిసికొనవలసియున్నది. 1829 లో జన్మించిన లారా రెండేండ్ల ప్రాయమున స్కార్లెట్ జ్వరము వచ్చి చూపును, వినికిడిని గోల్పోయెను. చూపు లేనివానికి మాట వినబడును. వినికిడి లేనివానికి లోకము కనబడును. రెండును లేని బిడ్డకు ఏ మార్గమున మాటలు నేర్పవలెనో నాడు ఎవరికిని తెలియదు. పెర్కిన్స్ పాఠశాలకు ప్రథమాధ్యక్షుడైన డాక్టర్ శామ్యూల్ గ్రిడ్లీ హోవ్ 1837 లో లారాను తన పాఠశాలకు తీసికొనివచ్చి, స్పర్శద్వారమున ఆ పని చేయబూనెను. తాళపుచెవి, చెంచా, కత్తి మొదలగు నిత్యము వాడు వస్తువులకు ఉబ్బెత్తు అక్షరములతో ముద్రించిన చీటీలను అంటించి, ఆమెచేత తడవి చూపించెను. పిమ్మట చీటీలను ఊడదీసి, ఏ చీటీ ఏ వస్తువునకు చెందినదో ఆమెయే జతపఱచునట్లు చేసెను. ఆపై అక్షరములను విడదీసి కలగాపులగము చేసి, వానిని మరల పేర్చుమని సూచించెను. పెక్కు దినములు లారా అనుకరణముగా మాత్రమే ఇదంతయు చేసెను. ఒకనాడు హఠాత్తుగా ఆ చీటీలు వస్తువులకు పేర్లనియు, తన మనస్సులోని దానిని ఇతరులకు తెలుపుటకు అవి సాధనములనియు ఆమె గ్రహించెను. తరువాత ఆమెకు వ్రేళ్ళ లిపి నేర్పిరి. ఇందు ఒక్కొక్క అక్షరమునకు వ్రేళ్ళ ముడుపు ఒక్కొక్క తీరుగా నుండును. మాటాడువారు తమ వ్రేళ్ళతో ఆ యక్షరములను ఎదుటివారి అఱచేతిలో ఏర్పఱచెదరు; వారు దానిని తడవి గ్రహించెదరు. లోకము హెలెన్ కెల్లర్‌ను స్మరించినంతగా లారాను స్మరింపదు. అది న్యాయము కాదు.

ఆన్ పెర్కిన్స్‌లో చేరునప్పటికి లారాకు ఏబదియేండ్లు. ఆమెతో మాటాడు కోరికతో ఆన్ వ్రేళ్ళ లిపి నేర్చుకొనెను. సాయంకాలములందు ఆమె చెంత కూర్చుండి ఆనాటి వార్తలను ఆమె చేతిలో వ్రాయుచుండెడిది. ఈ స్నేహము తనకు జీవనాధారము కాగలదని ఆన్ అప్పుడు ఊహించియుండదు.

ఇట్లుండగా దక్షిణమున అలబామా రాష్ట్రమునందలి టస్కంబియా పట్టణములో కాప్టెన్ ఆర్థర్ కెల్లర్ అను నొక గృహస్థు తన కుమార్తెను గూర్చి దిగులొందుచుండెను. ఆ కుమార్తె హెలెన్. 1880 జూన్ 27 వ తేదీన పుట్టిన ఆ బిడ్డకు పందొమ్మిదవ నెలలో తీవ్రమైన జ్వరము వచ్చి చూపును, వినికిడిని హరించెను. ఇంగ్లీషు నవలాకారుడైన చార్లెస్ డికెన్స్ 1842 లో లారాను చూచి, ఆమెను గూర్చి తన అమెరికా యాత్రాగ్రంథమున వ్రాసియుండెను. హెలెన్ తల్లి దానిని చదివి ఆశ పెంచుకొనెను. 1886 లో తండ్రి హెలెన్‌ను వాషింగ్టన్ నగరమునకు కొనిపోయి, టెలిఫోను నిర్మాతయు బధిరుల విద్యయందు ఆసక్తి కలవాడునగు అలెగ్జాండర్ గ్రాహమ్ బెల్‌కు చూపెను. పెర్కిన్స్ పాఠశాలకు వ్రాయుమని ఆయన సలహా యిచ్చెను. నాటి పాఠశాలాధ్యక్షుడగు మైకేల్ అనాగ్నోస్, ఉత్తరమందగానే ఆన్ సలివన్‌ను తలచుకొనెను.

ఆన్ వెంటనే బయలుదేరలేదు. డాక్టర్ హోవ్ లారాను గూర్చి వ్రాసియుంచిన నివేదికలను తెప్పించుకొని, నొప్పిపుట్టు కండ్లతోనే నెలల తరబడి చదివెను. ఏ దినమున ఏమి నేర్పిరి, ఎచ్చట బిడ్డ తడబడినది, ఏది ఫలించినది, ఏది ఫలింపలేదు అనునవి యన్నియు పరిశీలించెను. ఈ పూర్వసన్నాహమును గూర్చి లోకము అంతగా చెప్పుకొనదు. చేతిపంపు కథయే అందఱకు ప్రియము. కాని ఆ చేతిపంపు వెనుక ఏబదియేండ్లనాటి నివేదికలును, ఆ చలికాలపు చదువును కలవు.

1887 మార్చి 3 వ తేదీన ఆన్ టస్కంబియా చేరెను. వాకిట నిలుచున్న యాఱేండ్ల హెలెన్ ఆమె మీదికి దూకి, ముఖమును, దుస్తులను తడవి, చేతిసంచిని లాగికొనెను. ఆ బాలికను మూగమొద్దుగా భావించువారు పొరబడిరి. ఆమెకు అప్పటికే తాను కల్పించుకొన్న సైగలు సుమారు అరువది కలవు. తల యూపిన కాదని యర్థము. త్రోసిన పొమ్మని, లాగిన రమ్మని. రొట్టె కావలసినచో కత్తితో కోయుచున్నట్లు, ఐస్‌క్రీము కావలసినచో యంత్రము త్రిప్పి చలికి వణకుచున్నట్లు చూపుచుండెను. అనగా చెప్పవలెనను తహతహ ఆమెయందు నిండుగా నుండెను. చెప్పుటకు భాష లేదు. తన మాట ఎదుటివారికి తెలియనప్పుడు ఆమె నేలబడి పొర్లి, తన్ని, గిల్లి, ఇల్లంతయు ఒకటి చేయుచుండెను. జాలిచే తల్లిదండ్రులు ఆమె కోరినదెల్ల ఇచ్చి ఊరడించుచుండిరి.

ఆన్ పెర్కిన్స్‌లోని అంధబాలికలు పంపిన యొక బొమ్మను తెచ్చియుండెను. దానికి దుస్తులు కుట్టినది లారాయే. ఆ బొమ్మను హెలెన్ చేతికిచ్చి, బొమ్మ అను నర్థముగల ఆంగ్లపదపు నాలుగక్షరములను ఆమె అఱచేతిలో వ్రేళ్ళతో వ్రాసెను. హెలెన్ ఆ యాటను వెంటనే అనుకరించెను. అది పేరని మాత్రము ఆమెకు తెలియదు.

మొదటి దినములు యుద్ధముగా గడచెను. హెలెన్ ఒకనాడు ఆన్‌ను గదిలో బెట్టి తాళము వేసి తాళపుచెవి దాచెను. నిచ్చెన వేసి కిటికీనుండి ఆమెను దింపవలసివచ్చెను. మఱియొకనాడు కొట్టగా ఆన్ పల్లు విఱిగెను. భోజనసమయమున హెలెన్ బల్ల చుట్టును తిరిగి అందఱి పళ్ళెములలోనుండియు చేతితో తీసికొని తినుట అలవాటు. ఆన్ దానిని సాగనీయలేదు. ఇంటివారందఱిని వెలుపలికి పంపి, తలుపు మూసి, హెలెన్ తన పళ్ళెములో తాను చెంచాతో తినువఱకును, చేతిగుడ్డను మడచిపెట్టువఱకును గంటల తరబడి పట్టు విడువక కూర్చుండెను. నేటి యుపాధ్యాయులు ఇట్టి బలప్రయోగమును మెచ్చుకొనరు. మెచ్చుకొనవలసిన పనియు లేదు. ఆన్ స్వయముగా ఆ పిదప మంచముపై వ్రాలి యేడ్చెను.

ఇంటిలోని వారు మధ్యవచ్చుచున్నంతకాలము తన పని సాగదని గ్రహించి, ఆమె హెలెన్‌తో గూడ ఇంటికి కొంతదూరముననున్న తోటయింటికి మకాము మార్చెను. పరిచయమున్న చోటని బాలిక కనిపెట్టకుండుటకై బండిలో చాలసేపు త్రిప్పి తెచ్చిరి. లోపలి సామానును మార్చిరి. తల్లిదండ్రులు దినదినము కిటికీనుండి చూచి పోవుచుండిరి. మొదట కొన్నిదినములు పెనుగులాట తప్పలేదు. రెండువారములు గడచునప్పటికి హెలెన్ శాంతించి, పూసలు గ్రుచ్చుచు, కుట్టుపని నేర్చుకొనుచు, ఆన్ ప్రక్కన కుదురుగా కూర్చుండు స్థితికి వచ్చెను. తన చేయి పట్టుకొన్నవారు తనకు హితులని బాలిక నమ్మిననేగాని ఆ చేతిలో వ్రాసిన దేదియు మనస్సునకు పోదు.

మాటలు చాలవఱకు కంఠస్థమైనవి. అర్థము మాత్రము పట్టుపడలేదు. పాలు త్రాగు లోటాకును, అందలి ద్రవమునకును పేర్లు వేఱని హెలెన్‌కు ఎంత చెప్పినను తెలియలేదు. ఏప్రిల్ 5 వ తేదీ యుదయమున ఈ విషయముననే విసిగి, ఆమె క్రొత్త బొమ్మను నేలకు విసరికొట్టి పగులగొట్టెను. ఆన్ ఆమెను కోపపడక పెరటిలోని చేతిపంపు కడకు తీసికొనిపోయెను. ఎవరో పంపు కొట్టుచుండగా లోటాను హెలెన్ చేత పట్టించి ధార క్రింద ఉంచెను. చల్లని నీరు లోటానిండి చేతిపై పొర్లుచుండగా, రెండవ చేతిలో నీరను నర్థముగల యైదక్షరములను మొదట మెల్లగను, పిదప వేగముగను వ్రాసెను. హెలెన్ లోటాను జాఱవిడిచి నిశ్చలముగా నిలిచిపోయెను. ఆమె ముఖమున క్రొత్త కాంతి పొడసూపెను. ఆ పదమును తానే పలుమాఱులు వ్రాసెను. పిదప నేలను తాకి దాని పేరడిగెను. పంపును తాకి అడిగెను. చటుక్కున తిరిగి, ఆన్‌ను తాకి ఆమె పేరడిగెను. టీచర్ అని ఆన్ వ్రాసెను. ఆనాటినుండి తుదిదాక హెలెన్‌కు ఆమె టీచరే. ఆ సాయంకాలమునకు హెలెన్ ముప్పది మాటలు నేర్చెను. ఆ రాత్రి నిద్రపోవుటకు ముందు ఆమె తనంతట తానే వచ్చి టీచరును ముద్దుపెట్టుకొనెను.

ఇంతవఱకు అందఱు ఎఱిగినదే. ఆన్ ప్రతిభ నిజముగా బయటపడినది ఆ తరువాతి వారములలో. ఆమె తొలుత నిర్ణీతవేళలందు నిర్ణీతమైన మాటలు నేర్పవలెనని ప్రణాళిక వేసికొనియుండెను. ఆ దినములలో హెలెన్ పినతండ్రి బిడ్డయో, మేనబిడ్డయో, బంధువులలో పదునైదు నెలల పసిపాప యొకతె కలదు. ఆన్ ఆ పాపను శ్రద్ధతో పరికించెను. ముక్కు ఏది, తలుపు ఏది, కుక్క ఏది అని అడిగినచో ఆ పాప సరిగా చూపుచుండెను. తలుపు మూయుమన్నచో మూయుచుండెను. కాని తానుగా ఆ మాటలను పలుకలేకుండెను. అనగా పలుకుటకు ఎంతో ముందే పసిపిల్లలు భాషను గ్రహింతురు. వారికి ఎవరును వేళపెట్టి పాఠము చెప్పరు. తల్లి వంట చేయుచు, నీళ్ళుపోయుచు, జోలపాడుచు మాటాడు వేలకొలది మాటలు వారి చెవిని పడుచునే యుండును. హెలెన్‌కు కొఱతపడినది ఇదియే. పాఠములు ఆమెకు రోజుకు గంట దొరకినను, తక్కిన గంటలన్నియు నిశ్శబ్దమే.

అది తెలిసినతోడనే ఆన్ తన ప్రణాళికను తానే త్రోసివేసెను. వినగల బిడ్డ చెవిలో తల్లి మాటాడునట్లు హెలెన్ చేతిలో తాను మాటాడవలెనని నిశ్చయించెను. ఒంటిపదములు మాని నిండువాక్యములు వ్రాయసాగెను. బాలికకు అర్థము కానిచోట సైగలను, అభినయమును తోడుచేసెను. బాలిక పనిలో మునిగియున్నప్పుడు ఆ పనిని గూర్చియే మాటాడెను. దేనిమీద మనసు పోయినచో ఆనాటి పాఠము అదియే. గదిలోనికి ఎవరు వచ్చిరి, ఏమనుచున్నారు, ఎందుకు నవ్వుచున్నారు అనునవియు విడువక చేతిలో వ్రాయుచుండెను. ఏలయన ఇట్టి సంగతులు మనకు అడుగకయే తెలియును. హెలెన్‌కు ఎవరైన చెప్పిననేగాని తెలియవు. తల్లియు వ్రేళ్ళ లిపి నేర్చుకొనెను. లేకున్నచో టీచరు ప్రక్కన లేని వేళ ఆ యిల్లు బిడ్డకు మరల మూగయిల్లే యగును. చూపును వినికిడియు లేని పిల్లలకు నేడు భాష నేర్పువారు ఈ దారినే నడచుచున్నారు. ముందుగా బిడ్డను పరికించి, ఆమెకు ఇప్పటికే ఏ సైగలు కలవో, దేనియందు ఇష్టమో కనుగొని, ఇంటివారినందఱిని కలుపుకొని, దినచర్యలోని ప్రతిపనిని మాటకు తావుగా చేయుదురు.

చదువు నేర్పుటకు ఆన్ ఉబ్బెత్తు అక్షరములలో పదములు ముద్రించిన అట్టముక్కలను వాడెను. హెలెన్ బొమ్మను మంచముపై నుంచి, ఆ వాక్యమునకు తగిన ముక్కలను ప్రక్కన పేర్చుచుండెను. ఒకనాడు ఆమె బాలిక అను ముక్కను తన గౌనుకు గ్రుచ్చుకొని బట్టల బీరువాలో నిలుచుండి, బాలిక బీరువాలో నున్నదని తెలుపు మిగిలిన ముక్కలను అరపై పేర్చెనట! చదువును ఇంతకంటె చక్కగా ఆడుకొన్నవారు అరుదు. టెనసీ నదియొడ్డున గులకఱాళ్ళతో ఆనకట్టలు కట్టి, దీవులను, సరస్సులను చేసి ఆమె భూగోళము నేర్చెను. కోడిగ్రుడ్డును చేతబట్టి లోపలి పిల్ల పొడుచుకొని వచ్చుటను వ్రేళ్ళతో తెలిసికొనెను. చేతికి చిక్కని భావములను నేర్పుట అన్నిటికంటె కష్టము. హెలెన్ ఒకనాడు పూసలు గ్రుచ్చుచు వరుస తప్పి, ఎచ్చట తప్పినదో యని తడవికొనుచుండగా, ఆన్ ఆమె నొసటిని తాకి ఆలోచించు అను పదమును వ్రాసెను. తన తలలో జరుగుచున్న పనికి అది పేరని హెలెన్ ఆ క్షణమున గ్రహించెను. సమయమును కనిపెట్టి మాటను అందించుట ఆన్‌కు వెన్నతో బెట్టిన విద్య.

ఆన్ ఈ వివరములను పెర్కిన్స్‌లోని తన హితురాలికి ఉత్తరములుగా వ్రాయుచుండెను. 1903 లో హెలెన్ ఆత్మకథతో గూడ అవి వెలువడెను. హెలెన్ నెలల కాలములోనే వందలకొలది మాటలను, బ్రెయిలీ లిపిని, గాడులు గల పలకపై పెన్సిలుతో వ్రాయుటను నేర్చినది. ఆమె కీర్తి దేశమంతటను ప్రాకెను. కీర్తి వెంట కష్టమును వచ్చెను. పదునొకండవ యేట హెలెన్ వ్రాసి అనాగ్నోస్‌కు కానుకగా పంపిన యొక కథ, అంతకుముందు అచ్చయిన వేఱొకరి కథను పోలియున్నదని 1892 లో తెలియవచ్చెను. ఎన్నడో చేతిలో చదివి వినిపించిన కథ ఆమెకు తెలియకయే మనస్సున నిలిచి, తన సొంతమైనట్లు తోచెను. పెద్దలు విచారణ పెట్టి, టీచరును వెలుపలికి పంపి, ఆ పసిదానిని ఒంటరిగా ప్రశ్నించిరి. తీర్పు ఆమె కనుకూలముగానే వచ్చినను, ఆ గాయము ఇద్దఱికిని మానలేదు. ఆన్‌కును పెర్కిన్స్‌కును నడుమ స్నేహము చెడెను.

హెలెన్ కళాశాలలో చదువవలెనని పట్టుబట్టెను. 1896 లో అందుకు సన్నాహముగా కేంబ్రిడ్జిలోని యొక పాఠశాలలో చేరెను. అచ్చటి యుపాధ్యాయులలో వ్రేళ్ళ లిపి ఎఱిగినవారు అరుదు; పాఠ్యగ్రంథములు పెక్కు బ్రెయిలీలో లేవు. కావున ఆన్ ప్రతి తరగతిలోను ప్రక్కన కూర్చుండి చెప్పినదెల్ల చేతిలో వ్రాయవలసివచ్చెను. బాలికను ఆన్ చదువుతో నలుగగొట్టుచున్నదని తలచి, 1897 లో పాఠశాలాధ్యక్షుడు ఇద్దఱిని విడదీయజూచెను. హెలెన్ అన్నపానములు మాని యేడ్చెను. తల్లి పరుగున వచ్చి చూచి, టీచరు చెంతనే బిడ్డ యుండవలెనని తేల్చి, పాఠశాలనే మాన్పించెను. తరువాత రెండేండ్లు హెలెన్ ఇంటివద్ద ఉపాధ్యాయుని సాయమున చదివెను. 1899 నాటి ప్రవేశపరీక్షలో ప్రశ్నపత్రములను బ్రెయిలీలో అచ్చువేసి యిచ్చిరి. కాని బీజగణితపు గుర్తులు ఆమె నేర్చిన పద్ధతివి కావు. పరీక్షకు రెండుదినములు ముందుగా ఆ సంగతి తెలిసి ఆమె ఎంతయో కలవరపడెను. అయినను ఉత్తీర్ణురాలయ్యెను.

1900 లో ర్యాడ్‌క్లిఫ్ కళాశాలలో హెలెన్ ప్రవేశించెను. నాలుగేండ్ల పాటు ప్రతి యుపన్యాసమును ఆన్ ఆమె చేతిలోనికి అందించెను. ఇంటికి వచ్చిన పిదప దినమునకు నాలుగైదు గంటలు గ్రంథములు చదివి వ్రాసెను. లాటిను, ఫ్రెంచి, చరిత్ర, సాహిత్యము అన్నియు ఆ జబ్బుకండ్ల ద్వారముననే హెలెన్ చేతికి చేరెను. నేత్రవైద్యుడు ఈ సంగతి విని, ఇది కండ్లు పోగొట్టుకొను పనియని మందలించెను. హెలెన్‌కును ఆ భయము లోలోపల కలదు. ఏదైన భాగమును మరల చదువవలెనా యని ఆన్ అడిగినప్పుడు, జ్ఞాపకము లేకున్నను ఉన్నదని ఆమె అబద్ధమాడుచుండెను. 1904 లో హెలెన్ గౌరవములతో పట్టము పొందెను. చూపును వినికిడియు లేనివారిలో బి. ఏ. పట్టము పొందిన మొదటి వ్యక్తి ఆమెయే. ఆ చదువునంతటిని చదివిన రెండవ స్త్రీకి ఆ దినమున ఏ పట్టమును దొరకలేదు. చాలకాలము తరువాత 1932 లో టెంపుల్ విశ్వవిద్యాలయము ఇచ్చిన గౌరవపట్టమును, మొదట వలదని నిరాకరించి పిదప ఆన్ స్వీకరించెను.

1905 లో ఆన్, హెలెన్ ఆత్మకథకు సంపాదకుడగు జాన్ మేసీని వివాహమాడెను. వారి కాపురము కలకాలము సాగలేదు; కొన్నియేండ్లకు ఆయన విడిపోయెను. డబ్బునకు ఇబ్బందిగా నుండుటచే ఆన్, హెలెన్ ఊరూర ఉపన్యాసములిచ్చుచు, 1920 తరువాత కొంతకాలము వినోదశాలల రంగస్థలము మీదకూడ నిలిచి తమ కథ చెప్పుచు జీవించిరి. 1914 లో పాలీ థామ్సన్ అను స్కాట్లండు యువతి వారి కడ చేరి, ఇంటి భారమును, క్రమముగా హెలెన్‌కు చేయూతగా నుండు భారమును స్వీకరించెను. 1924 నుండి ఆన్, హెలెన్ అమెరికా అంధుల సంస్థ కొఱకు పనిచేసిరి.

ఆన్ చూపు తగ్గుచునే వచ్చెను. 1929 లో నొప్పి భరింపరానిదగుటచే ఆమె కుడికన్ను తీసివేయవలసివచ్చెను. కొలది యేండ్లకు రెండవ కంటి చూపును పోయెను. ఒకప్పుడు హెలెన్‌ను చేయిపట్టి నడిపించినామె హెలెన్ చేతినే పట్టుకొని నడువవలసినదయ్యెను. 1936 అక్టోబరు 20 వ తేదీన న్యూయార్కు నగరములోని ఫారెస్ట్ హిల్స్‌లో ఆమె మరణించెను. తుదిగడియలలో హెలెన్ ఆమె చేతిని పట్టుకొని కూర్చుండెను. ఆమె చితాభస్మమును వాషింగ్టన్‌లోని నేషనల్ కెథీడ్రల్ అను మహాలయమున నుంచిరి. తన సొంత కృషిచే అట్టి గౌరవమునొందిన మొదటి స్త్రీ ఆమెయే.

హెలెన్ ఆ తరువాత ముప్పదియేండ్లకు పైగా జీవించి, దేశదేశములు తిరిగి అంధుల కొఱకు, బధిరుల కొఱకు పాటుపడెను. 1955 లో ఆమె భారతదేశమునకును వచ్చి, నెహ్రూను కలిసికొనెను. ఆ యేటనే టీచర్ అను పేర ఆన్ జీవితమును గ్రంథముగా వెలువరించెను. 1977 లో బొంబాయిలో చూపును వినికిడియు లేని పిల్లలకై ఒక సంస్థ వెలసినది. దానికి హెలెన్ కెల్లర్ పేరు పెట్టిరి. 1968 జూన్ 1 వ తేదీన హెలెన్ కన్నుమూయగా, ఆమె చితాభస్మమును వాషింగ్టన్ మహాలయములో ఆన్ చితాభస్మము చెంతనే యుంచిరి. అచ్చటి కంచుఫలకముపై వారిద్దఱి పేర్లు బ్రెయిలీలోను చెక్కబడియున్నవి. వచ్చినవారు తడవి తడవి చూచుటచే ఆ చుక్కలు అరిగి మెఱయుచున్నవి.